ల్యాంపు రూము లెక్క

గోదావరిఖని ఓపెన్‌కాస్టుల మూడింటికి పేలుడు.
కిటికీ అద్దాలు ఒకసారి గజ్జుమని ఊకుంటయి.
పావుగంటకు దుమ్ము దిగుతది
ఆఫీసర్ల క్లబ్బు ఈతకొలను మీదికి,
తెల్ల కుర్చీల మీదికి, తాబేలు వీపు మీదికి.

తాబేలంటే మిషను.
నీళ్ళ మీద తిరుక్కుంట
ఆకులు, ఈగలు నోట్లె ఏసుకునే డబ్బా.
వీపంతా సోలారు పలక.
బొగ్గు ఊళ్ళె ఎండ తిని బతుకుమని
ఎవలు తోలిన్రో దాన్ని.

నాలుగొద్దులాయె, మూలకు వడి కదుల్తలేదు.
"ఓదెలన్నా, కంపెనోడు రావాల్నంటే వారమంట,
నువ్వు బ్యాటరీలోనివి గద" అన్నడు తిరుమలేషు.
బ్యాటరీలోన్నే.
ముప్పైరెండేండ్లు ల్యాంపు రూముల
టోపీ దీపాలు ఛార్జింగు వెట్టినోన్ని.
ఆసిడు తూట్లు వడ్డ అంగీ
ఇంకొకటి పెట్టెల ఉన్నది, మా ఆమెకు తెల్వది.

ముందు తుడిచిన.
మొదటి బట్ట నల్లగైంది, రెండోది బూడిదైంది,
మూడోదానికి పలక నీలం బయటవడ్డది.
ఎండల వెట్టి మీటరు ముల్లు ఆనిచ్చిన.
పంతొమ్మిది వోల్టులు!
తిరుమలేషు చప్పట్లు కొట్టిండు.
ఆగు పిలగా.
పని లేనప్పుడు అందరం పంతొమ్మిదే.
బరువు తగిలించి చూడాలె.
తగిలించిన. ఆరుకు వడ్డది.

అంటే ఏడనో తొవ్వ సన్నగైంది.
స్క్రూలు ఎనిమిది, ఒకదాని తల అరిగింది,
దానితోనే అరగంట.
రబ్బరు కింద క్లోరిన్ చెమ్మ దిగి
రాగితీగ పచ్చగ, పొడిపొడి.
కోసిన. గీకిన. టంకం వెట్టిన.
మీద ఇంత వాజిలిన్ రాసిన,
ల్యాంపు రూముల ప్రతి కొసకు రాసినట్టే.

అయినా ఎర్రలైటే.

బ్యాటరీ మరీ అడుగంటితే
లోపటి బోర్డు తలుపేసుకుంటది,
ఎండ వచ్చి కొట్టినా తియ్యది.
తడారిన బోరింగుకు మీదికెల్లి చెంబెడు పోస్తెనే
కింది నీళ్ళు అందుకుంటయి గద, అట్ల.
నా బండి బ్యాటరీ ఇప్పిన.
కరెంటు ఎగవడకుండ
నడుమ హెడ్‌లైటు బల్బు కట్టిన.
వైర్లు ఆనిచ్చి, గడియారం చూస్కుంట కూసున్న.

ఆ ఐదు నిమిషాలల్ల
నాలుగొందల పదిహేడు యాదికొచ్చింది.
కప్పు కూలిన తెల్లారి
ఎవలో తెచ్చి కౌంటరు మీద వెట్టి పోయిండ్రు.
గ్లాసు పగిలింది. వైరుకు మట్టి.
ఇంకా మిణుకుమంటనే ఉన్నది, పచ్చగ, మిణుగురంత.
చేతులకు అలవాటాయె.
తుడిచిన, దాని నంబరు కొక్కేనికే తగిలించిన,
ఛార్జింగుకు వెట్టిన.
పొద్దుగూకెవరకు నిండింది.
నిండినంక గుర్తొచ్చింది,
ఎవనికియ్యాలె.

బల్బు మెల్లగ మసకైంది.
తాబేలు కడుపుల ఏదో టిక్కుమన్నది.
పచ్చలైటు ఒకసారి.
ఆగి, ఇంకోసారి.

"అయిపోయిందా అన్నా?"
ఏడికెల్లి అయిపోతది.
మూడింటి దుమ్ము రేపు గూడ ఉంటది.
నాలుగింటికి పడమటి గోడ నీడ మూలకొస్తది,
గాలి దీన్ని ఆ మూలకే నూకుతది.
పేలుడైనంక తుడువు,
నీడ రాకముందే కర్రతోటి తూర్పుకు తోలు.
కొత్త బ్యాటరీ కొనుడు గాదు పని, ఇది పని.

క్లబ్బు పుస్తకంల ఏం జేసినవో రాయమన్నరు.
నాకొచ్చిన రాతే రాసిన:
నంబరు ఒకటి. దిగింది, మూడు నలభై.
పక్క గడి ఖాళీ.

తిరుమలేషు గేటు కాడ హారను కొడుతుండు,
ఇంటికాడ దింపుతనని.
నువ్వు నడువు అన్న.
నీళ్ళ మీద వేపాకులు ఏరుకుంట అది తిరుగుతున్నది.
దిగిన దీపం లోపటికి రాకుండ
తాళమేసి పోయిన రోజు
నాకొక్కటే ఉన్నది.
ఇంకోటి వద్దు.